గేటు దగ్గర పది నిమిషాలు

బాలాత్రిపురసుందరి అంటే నాకు మొదటి రోజే పడలేదు. అందుకు పెద్ద కారణమేమీ లేదు. మూడేళ్లుగా నేను కూర్చుంటున్న కిటికీ పక్కన ఆమె తన చేతిరుమాలు వేసింది.

డెబ్బయ్యో సంవత్సరం ఎండాకాలం అది. సాయంత్రం ఐదుంబావుకు నాంపల్లిలో బయలుదేరి లింగంపల్లి వైపు వచ్చే ప్యాసింజరుకు ఆడవాళ్ల పెట్టె ఒక్కటే ఉండేది. పొద్దున్నే పట్నం పోయి పెరుగు, కూరగాయలు, ఆకుకూరలు అమ్ముకుని ఖాళీ గంపలతో తిరిగొచ్చే మేం పదిహేను మందిమి తలుపుల దగ్గర కింద కూర్చునేవాళ్లం. ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లు లోపల బల్లల మీద కూర్చునేవాళ్లు. తలుపు పక్క కిటికీ మాత్రం నాది. అది ఎందుకు నాదో పెట్టెలో అందరికీ తెలుసు, కొత్తగా వచ్చిన ఆమెకు తప్ప.

"నువ్వు కొత్తగ వచ్చినట్టున్నవ్. గా రుమాలు తియ్యి, అది నా జాగ," అన్నాను.

ఆమె కళ్లజోడు సర్దుకుని నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ముప్పై ఏళ్లుంటాయి. గంజి పెట్టిన నేత చీర, చేతిలో తోలు సంచీ.

"రైల్లో ఒకరి జాగా ఏమిటమ్మా? నీ పేరేమైనా రాసి ఉందా? ముందొచ్చినవాళ్లు కూర్చుంటారు. పైగా నువ్వు అంటావేమిటి? నీకూ నాకూ ఏం చనువని?"

మా దగ్గర కన్నతల్లినైనా నువ్వనే అంటాం. అది ఆమెకు చెప్పే ఓపిక నాకు లేదు. ఆమె కాళ్ల దగ్గరే కూలబడి, పెరుగు కుండను ఆమె చీర కుచ్చెళ్లకు ఆనించి పెట్టాను. బేగంపేట వచ్చేసరికి అంచంతా పుల్లటి నీళ్లు. కావాలనే చేశాను. ఆమె అంచు పిండుకుంది. మర్నాడు అదే కిటికీ దగ్గర అదే రుమాలు ఉంది.

ఆ కిటికీ నాదెందుకో చెబుతాను. నా భర్త బాలనర్సయ్య రైల్వేలో గేట్‌మన్. లింగంపల్లి స్టేషను ఇంకా రెండు మైళ్లుందనగా నల్లగండ్ల బండ్ల బాట పట్టాలు దాటే చోట మా గేటు, దాని పక్కనే రైల్వేవాళ్లిచ్చిన ఒంటిగది ఇల్లు. అక్కడ స్టేషను లేదు కాబట్టి రైలు ఆగాల్సిన పని లేదు. కానీ గేటు మూసి తాళం వేస్తే తప్ప సిగ్నలు తీగె కదలదు. గేటు తెరిచి ఉన్నంతసేపూ సిగ్నలు చెయ్యి అడ్డంగా ఉంటుంది, డ్రైవరు రైలు ఆపి తీరాలి.

మూడేళ్ల కింద నేను ఆరు నెలల కడుపుతో ఉన్నాను. రోజూ పట్నం నుంచి వస్తుంటే రైలు నా ఇంటి ముందు నుంచే పోయేది. నా ఇంటి తలుపునూ, నా బర్రెలనూ, గేటు దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డ నా మొగుడినీ కిటికీలోంచి చూసుకుంటూ లింగంపల్లి దాకా పోయి, కుండలు నెత్తిన పెట్టుకుని రెండు మైళ్లు వెనక్కి నడిచేదాన్ని. ఒకనాడు ఆయన గేటు వెయ్యడం ఆలస్యం చేశాడు. రైలు వచ్చి మా ఇంటి ముందర ఆగింది. "దిగు," అన్నాడు. దిగాను. ఆ బిడ్డ మాకు దక్కలేదు. రైలు ఆగడం మాత్రం అలవాటైపోయింది. నాతోపాటు ఊరి ఆడవాళ్లందరూ దిగడం మొదలుపెట్టారు.

గేటు ఊరికే తెరిచి ఉంటే గార్డు ఊరుకోడు. అందుకని మా ఊరి మొగిలి ఆ వేళకు ఎడ్లబండి తోలుకొచ్చి పట్టాల మధ్య నిలబెట్టేవాడు. ఎడ్లు మొండికేశాయని గోల చేసేవాడు, చర్నాకోల గాలిలోనే ఝళిపించేవాడు. మేం దిగి గంపలన్నీ బండిలో వేశాక ఎడ్లకు బుద్ధి వచ్చేది. మొగిలి భార్య చంద్రమ్మ కూడా మాతోపాటే కూరగాయలు అమ్మేది. నాకంటే పదేళ్లు పెద్దది, నోరు పెద్దది, మనసూ పెద్దదే.

రైలు పూర్తిగా ఆగితే గార్డు దిగి తిడతాడు కాబట్టి, ఆగేలోపే దిగిపోవాలి. గేటుకు ముందు ఒక మలుపు ఉంది. అక్కడ డ్రైవరు వేగం తగ్గించేవాడు. కిటికీ దగ్గర కూర్చున్న నేను "లేవుండ్రి" అని కేక వేయగానే ముందు గంపలు కిందికి విసిరి, వాటి వెనకే అందరూ దూకేవాళ్లు. చంద్రమ్మ ఎప్పుడూ మొదటిది. గేట్‌మన్ పెళ్లాన్ని కాబట్టి ఆ కేక వేసే హక్కు నాది, అందుకే కిటికీ నాది. ఈ సంగతి పైవాళ్లకు తెలిస్తే ఆయన కొలువు పోతుంది, ఇల్లు పోతుంది. అయినా పట్నం రైలును నా మొగుడు నా ఇంటి ముందు ఆపుతున్నాడన్న గర్వం ముందు ఆ భయం నాకు ఆనలేదు.

వారం తిరిగేసరికి ఆమె సంగతులన్నీ తెలిశాయి. భర్త రామబ్రహ్మం, లింగంపల్లి అవతలి ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఎనిమిది నెలలు లండన్‌లో శిక్షణ పొంది వచ్చాడు. కాపురం ఫ్యాక్టరీ క్వార్టర్లలో. ఆమెకు పట్నంలో సర్కారు ఉద్యోగం. ఒకరోజు సంచీలోంచి మడత కాగితం ఒకటి తీసి, పక్కనున్న టైపిస్టు సుబ్బలక్ష్మికి చూపించసాగింది. దాని మీద రంగురంగుల గీతలు.

"లండన్‌లో రైళ్లు ఇలా భూమి కిందే పోతాయి సుబ్బలక్ష్మీ. ఈ ఎర్ర గీత ఒక రైలు, నల్ల గీత ఇంకో రైలు. రెండు గీతలూ కలిసేచోట దిగి మారాలి, టిక్కెట్టు మాత్రం ఒక్కటే. కిందికి దిగడానికి మెట్లు వాటంతటవే కదులుతాయిట. నిలబడేవాళ్లు కుడివైపు నిలబడతారు, తొందరున్నవాళ్లు ఎడమవైపు నుంచి నడిచిపోతారు. లోపలివాళ్లు దిగాకే బయటివాళ్లు ఎక్కుతారు. ఒకళ్లనొకళ్లు తోసుకోవడం ఉండదుట."

చంద్రమ్మ కింద నుంచి మెడ సాచి చూసింది. "భూమిల పోతే ఊపిరెట్ల ఆడుతదమ్మా? ఆళ్లు మనుషులా, పందికొక్కులా?"

మా వైపున్న వాళ్లందరం ఘొల్లున నవ్వాం. సుబ్బలక్ష్మి కూడా నవ్వబోయి ఆపుకుంది.

"నవ్వండి," అంది ఆమె, కాగితం మడవకుండానే. "అక్కడ మూడు నిమిషాలకో రైలు. ఎవరి కోసమూ ఆగదు. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. మూసేముందు గార్డు కేక వేసి మరీ చెబుతాడు. చెప్పకుండా మూయడమంటూ ఉండదు. ఇక్కడ చూడండి, రోజూ ఎద్దుల కోసం ఆగుతుంది."

"మాకాడ గూడ చెప్తం," అన్నాను నేను. అప్పుడే మలుపు వచ్చింది. ఆమె చెవి దగ్గర నిలబడి కావాలనే గట్టిగా "లేవుండ్రి" అని అరిచాను.

మేం అలా గెలిచామనుకున్నాం. మాకు తెలియనిది ఒకటుంది. లింగంపల్లి స్టేషను దగ్గర ఫ్యాక్టరీ బస్సు అంతకుముందు ఆరున్నరకు ఉండేది. ఆ మే నెల నుంచి ఆరుంబావుకే మార్చేశారు. రైలు వేళకు పోతే ఆరూ పదికి చేరుతుంది. మా గేటు దగ్గర ఆగి, మళ్లీ ఇంజను ఊపందుకుని వెళ్లేసరికి పది నిమిషాలు. దాంతో బస్సు వెళ్లిపోయేది, క్వార్టర్లవాళ్లు మూడు మైళ్లు నడిచేవాళ్లు. అంటే మేం నడవకుండా ఉన్న నడకను వాళ్లు నడుస్తున్నారన్నమాట. ఆ రోజుల్లో ఎవరైనా నాకు ఈ మాట చెప్పి ఉంటే సంతోషపడేదాన్ని.

ఒక సాయంత్రం మాతోపాటు ఆమె కూడా దిగింది. రైలు ఆగాక, కడ్డీ పట్టుకుని, చెప్పుల కాళ్లతో కంకర మీద తూలుతూ నేరుగా మొగిలి బండి దగ్గరికి నడిచింది.

"ఈ ఎద్దు పేరేమిటి?"

మొగిలి తలగుడ్డ తీశాడు. "రామన్న అంటరమ్మా."

"రోజూ ఇక్కడే మొండికేస్తుందా?"

"దానికి పొగ సూస్తే బుగులు."

"ఆరు రోజులు చూశాను. ఆరు రోజులూ ఇదే బండి, ఇదే చోటు, నుదుట తెల్లమచ్చ ఉన్న ఇదే ఎద్దు. పొగంటే భయమున్న ఎద్దును రోజూ సరిగ్గా రైలు వేళకే ఎందుకు తోలుకొస్తున్నావు?"

మొగిలి నా మొగుడి వైపు చూశాడు. ఆమె కూడా అటే తిరిగింది.

"మీరేనా గేట్‌మన్? నాకు మూడేళ్ల పాప ఉందండి. చూసుకునే మనిషి ఆరున్నరకు వెళ్లిపోతుంది. ఆ తర్వాత నేను వచ్చేదాకా అది గుమ్మంలో ఒక్కత్తే కూర్చుంటుంది. నేను వెళ్లేసరికి ఏడ్చి ఏడ్చి నిద్రపోయి ఉంటుంది. అడుక్కోవడానికి రాలేదు. ఇది మీ డ్యూటీ అని చెప్పడానికొచ్చాను."

ఆయన చేతిలోని జెండా చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది తల్లీ. జర మాఫ్ చెయ్యి."

నా మొగుడు ఆమెకు దండం పెట్టడం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన చేతులు పట్టి కిందికి లాగాను.

"దండమెందుకు వెడుతున్నవ్? ఈమె ఏమన్న కలెక్టరా? మేం పుట్టక ముందుకెల్లి ఈడున్నం. కష్టమైతే ఆమెను వాళ్ల దేశం పొమ్మను. ఎవలు రమ్మన్నరు?"

అంతకుముందు ఏడాది ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్లన్నీ అట్టుడికినప్పుడు ప్రతి గోడ మీదా ఆ మాటే ఉండేది. నేను రాయలేదు గానీ చదివినవాళ్లు చెబితే విని తలూపినదాన్నే. ఆమె ముఖం పాలిపోయింది.

"ఈ మాట నాకు కొత్త కాదు," అంది మెల్లగా. "పోయినేడాది మా కిటికీ అద్దాలు పగలగొట్టి మరీ చెప్పారు. అప్పుడూ పోలేదు, ఇప్పుడూ పోను. ఇక్కడే ఉంటాను. ఈ రైలు వేళకు పోయేలా చేస్తాను, చూడు."

ఇంజను కూత వేసింది. పెట్టె మెట్టు నేల నుంచి నడుమెత్తున ఉంటుంది. మాకు దిగడమే గానీ అక్కడ ఎక్కే పని పడలేదు. ఆమె కడ్డీ పట్టుకుని రెండుసార్లు కాలు వేయబోయి జారింది. నేను చూస్తూ నిలబడ్డాను. చంద్రమ్మ పరుగున పోయి వెనక నుంచి ఎత్తి లోపలికి తోసింది. తిరిగొచ్చి చేతులు దులుపుకుంటూ, "సన్నగున్నదనుకున్నగని బరువే ఉన్నది," అంది.

ఇంట్లోకి వచ్చాక ఆయన జెండాలు మూలన పెట్టి కాళ్లు కడుక్కున్నాడు. బువ్వ పెడితే కంచం ముందు కూర్చుని, "చిన్న పిల్ల ఉన్నదంట," అన్నాడు.

"మనకు లేదు గద," అన్నాను.

ఆయన కంచం పక్కకు జరిపి లేచిపోయాడు. ఆ మాట అన్నందుకు నేను సిగ్గుపడలేదు. అప్పుడు నాలో అంత విషం ఉంది.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం, ఆడవాళ్లంతా దిగి వెళ్లిపోయాక, ఇన్‌స్పెక్టర్ వెంకటనారాయణ ట్రాలీ మీద వచ్చాడు. నలుగురు తోస్తుంటే గొడుగు వేసుకుని వచ్చి, మా గుమ్మంలో కుర్చీ లేక గోలెం బోర్లించి దాని మీద కూర్చున్నాడు. జేబులోంచి కాగితం తీసి మా ఆయన చేత వేలిముద్ర వేయించుకున్నాడు.

"చూడు బాలనర్సయ్యా. నీ మీద ఇంతకుముందు ఒక్క మచ్చ లేదు, అందుకని ఈసారికి మందలింపుతో వదిలేశారు. రేపటి నుంచి సాయంకాలం ప్యాసింజరు నీ గేటు దగ్గర ఒక్కసారి ఆగిందని గార్డు రాశాడో, ఇహ నేను కాదుగదా ఎవరూ ఏం చేయలేరు. ఉద్యోగం ఉండదు, ఇల్లు ఆ పూటే ఖాళీ చేయాలి. అర్థమైందా? ఫిర్యాదు ఇచ్చినావిడకు కూడా ఈ సంగతి రాశారు."

"అర్థమైంది సార్."

ఇన్‌స్పెక్టర్ మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. మా ఆయన పోయి గేటు తాళం లాగి చూసుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"రేపటి సంది ఆగది. మొగిలికి రేపు పగటిపూట నేను చెప్త, బండి పట్టాల మీదికి తేవద్దని. ఆడోళ్లకు నువ్వు చెప్పు. రేపు పొద్దుగాల రైలు ఎక్కంగనే చెప్పు. చంద్రమ్మకు అందరికన్న ముందు చెప్పు, ఆమె ఎన్కాముందు సూడకుంట దుంకుతది."

"చెప్త."

"మరవకు."

"చెప్తనంటున్న గద."

నిజంగా చెబుదామనే బయలుదేరాను. తెల్లారి రైలెక్కగానే చంద్రమ్మ తన పక్కన చోటిచ్చి, కొంగులో మూట కట్టిన రెండు తాటిముంజలు నా చేతిలో పెట్టింది. "తిను. నీ పెనిమిటి పుణ్యాన గీ ఎండలల్ల మా కాళ్లు బతికినయ్. గిసొంటి మొగడు ఎవలకున్నడే," అంది. చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నారు. ఆ మాట చల్లగా దిగింది లోపలికి. సాయంత్రం చెప్పొచ్చులే, ఎటూ దిగేది సాయంత్రమే గదా అనుకున్నాను.

సాయంత్రం పెట్టెలోకి ఎక్కేసరికి కిటికీ దగ్గర రుమాలు లేదు. ఆమె ఎదుటి బల్ల మీద కూర్చుని ఉంది.

"కూర్చో," అంది. "నీ కిటికీ నువ్వే తీసుకో."

కూర్చున్నాను. రైలు కదిలాక ఆమె ముందుకు వంగి, మిగతావాళ్లకు వినపడకుండా అడిగింది. "ఇవాళ్టి నుంచి ఆగదు కదా. మీ ఆయన చెప్పాడా?"

"మా ఇంటి ముచ్చట నాకెరుకే."

"చెప్పే ఉంటాడులే," అని ఆమె వెనక్కి జారగిలబడింది. చేతులు కట్టుకుని నన్నే చూస్తూ కూర్చుంది.

ఆ చూపు ముందు నేను నోరు ఎలా విప్పను? 'ఇయ్యాల్టి సంది రైలు ఆగదు, లింగంపల్లి నుంచి నడువుండ్రి' అని చెప్పాలి. పదిహేను మంది ఎందుకని అడుగుతారు. నా మొగుడు వేలిముద్ర వేసిన సంగతి చెప్పాలి. ఆమె వింటూ ఉంటుంది. ఖైరతాబాద్ దాటింది. బేగంపేట దాటింది. సనత్‌నగర్‌లో చెబుదామనుకున్నాను. అక్కడ చంద్రమ్మ ఎవరితోనో మిరపకాయల గురించి వాదిస్తూ నవ్వుతోంది. హఫీజ్‌పేట వచ్చింది, పోయింది. చెప్పకపోతే మాత్రం ఏమవుతుందిలే అనుకున్నాను. రైలు ఆగకుండా పోతుంది, అందరూ చూస్తారు, లింగంపల్లిలో దిగుతారు. అప్పుడు ఈమె పాడు మొహం నా ఎదురుగా ఉండదు, దారిలో నడుస్తూ చెప్పుకోవచ్చు.

మలుపు వచ్చింది. రోజూ ఆగి ఆగి అలవాటైన డ్రైవరు ఆ రోజు కూడా వేగం తగ్గించాడు. నేను కదలలేదు.

"ఏమే నీలమ్మా, నిద్రవోయినవా?" అని చంద్రమ్మ నా మోకాలి మీద చరిచింది. "ఇయ్యాల నీ కేక నేనే ఏస్త తియ్యి. లేవుండ్రి."

అందరూ లేచారు. కిటికీలోంచి నాకు సిగ్నలు చెయ్యి దిగి, రైలుకు దారి ఇచ్చి ఉండటం కనిపించింది. ముందు మూసిన గేటు, గేటు అవతల మొగిలి బండి, గేటు ఇవతల పచ్చజెండా పట్టుకుని ఆయన. నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూస్తోంది. ఆమె కట్టుకున్న చేతులు విప్పింది. నేను నోరు తెరిచాను. ఆగు అనడానికి ఎంతసేపు పడుతుంది?

గంపలు కింద పడిన చప్పుడు వినిపించింది. డ్రైవరుకు దారి కనిపించింది కాబట్టి ఆవిరి పెంచాడు. రైలు ఒక్క ఊపున ముందుకు గుంజింది. అప్పటికి చంద్రమ్మ ఒక కాలు మెట్టు మీద ఉంది, ఇంకో కాలు గాలిలో ఉంది.

గొలుసు ఎవరు లాగారో నేను చూడలేదు. రైలు మా ఇల్లు దాటి నాలుగు తంతి స్తంభాల దూరంలో ఆగింది. నేను దూకి వెనక్కి పరిగెత్తాను. చంద్రమ్మ కంకర మీద పడి ఉంది. ప్రాణం ఉంది, తెలివి ఉంది. మోకాలి కింద కాలు మాత్రం ఉండాల్సిన వైపు లేదు. ఆమె అరవడం లేదు, "నా గంపేది, నా గంపేది" అని మెల్లగా అడుగుతోంది. మొగిలి గేటు కింద నుంచి దూరి వచ్చి ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత తల ఎత్తి నా మొగుడి వైపు చూశాడు.

"నాకు పొద్దున బండి పట్టాల మీదికి తేవద్దని చెప్పినవ్. ఆడోళ్లకు చెప్పలేదా నర్సయ్యా?"

చుట్టూ ఆడవాళ్లందరూ ఉన్నారు. ఆయన నా వైపు చూడలేదు.

"చెప్పలే," అన్నాడు. "నేనే. మర్చిపోయిన."

అంతే అన్నాడు. మొగిలి ఆయన్ని కొట్టలేదు, తిట్టలేదు. పట్టాల పక్క ఉమ్మి ఊసి, ఎడ్లను తోలుకురమ్మన్నాడు. నా వెనక కంకర చప్పుడైతే తిరిగి చూశాను. త్రిపురసుందరి. చెప్పులు చేతిలో ఉన్నాయి, అరచేయి గీరుకుపోయి రక్తం ఉంది. అప్పుడు తెలిసింది గొలుసు లాగింది ఆమేనని. ఏదో చెప్పబోతున్నట్టు పెదవులు విప్పింది. నేను ఆమెనే చూశాను. ఆమె పెదవులు మూసుకుంది.

గొలుసు లాగినందుకు గార్డు ఆమె పేరు రాసుకున్నాడు. ఆ రోజు రైలు అరగంట ఆలస్యం. బస్సు వెళ్లిపోయి ఉంటుంది, ఆమె చీకటిలో నడిచి ఉంటుంది, పాప గుమ్మంలో ఏడ్చి ఉంటుంది. అదంతా నేను తర్వాత ఎప్పుడో తలుచుకున్నాను. ఆ రోజు తలుచుకోలేదు.

విచారణ మూడు రోజుల్లో అయిపోయింది. గేటు వేళకు మూశాడు, సిగ్నలు వేళకు దించాడు, జెండా చూపించాడు. నడుస్తున్న రైల్లోంచి ఎవరో దూకితే గేట్‌మన్ బాధ్యత కాదు అని రాసి వెంకటనారాయణ సంతకం పెట్టాడు. మూడేళ్లలో మా ఆయన రూలు ప్రకారం పనిచేసిన రోజు అదొక్కటే. ఆ రోజుకే ఊరంతా ఆయన్ను దోషిని చేసింది. గేటు దగ్గర బీడీ ముట్టించుకోవడానికి ఆగేవాళ్లు ఆగడం మానేశారు. నల్లగండ్ల బావి దగ్గర నేను కుండ పెడితే పక్క కుండలు జరిగేవి.

చంద్రమ్మ కాలు దవాఖానలో కట్టు కట్టారు గానీ వంకరగానే అతికింది. పెరుగు తీసుకుని చూడబోయాను. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని, గంప అల్లుతోంది, ఇక మోసే పని లేకపోయినా.

"నీ పెనిమిటి మీద మాకు కోపం ఉంటది," అంది. "గని నాకొకటి సమజ్ కాలే. ఆనాడు నువ్వు కేకెందుకు ఎయ్యలే?"

"తల నొస్తుండె," అన్నాను.

"అట్లనా," అంది చంద్రమ్మ. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేను తెచ్చిన పెరుగు మాత్రం నేను లేచేదాకా అక్కడే ఉంది.

త్రిపురసుందరి నాతో మాట్లాడింది ఆ తర్వాత ఒకే ఒక్కసారి. లింగంపల్లిలో దిగాక, బస్సు దాకా నాలుగడుగులు ఇద్దరిదీ ఒకటే దారి.

"నువ్వు చెప్తావనుకున్నాను," అంది ముందుకు చూస్తూనే.

"నీకు గూడ ఎరుకే గద. నువ్వెందుకు చెప్పలే?"

ఆమె ఆగిపోయింది. "వాళ్లందరూ లేచి నిలబడి, రైలు ఆగక, బిక్కమొహాలు వేస్తే చూద్దామనుకున్నాను," అంది. దాచకుండా అంది. ఆ ఒక్క విషయంలో ఆమె నాకంటే మంచిది. తర్వాత గబగబా వెళ్లి బస్సెక్కింది. ఆరుంబావుకు బస్సు వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఒకరినొకరు చూస్తే చెరోవైపుకు తిరిగేవాళ్లం. ఒకరి గుట్టు ఒకరి దగ్గర ఉన్నాక అంతకంటే పెద్ద పగ అక్కర్లేదు.

ఇక ప్రతి సాయంత్రం రైలు నా ఇంటి ముందు నుంచి ఆగకుండా పోయేది. కిటికీ ఇప్పుడు ఎవరూ అడగకుండానే నాకే ఉండేది. నేను రుమాలు లేని ఆ బల్ల మీద కూర్చుని, నా ఇంటి తలుపును, నా బర్రెలను, పచ్చజెండా పట్టుకుని నిలబడ్డ నా మొగుడిని చూసేదాన్ని. ఆయన ఇంజను వైపు చూసేవాడు, తర్వాత గార్డు పెట్టె వైపు చూసేవాడు. రూలు అంతే. మధ్యలో ఉన్న కిటికీల వైపు చూడమని ఏ రూలూ లేదు. లింగంపల్లిలో దిగి రెండు మైళ్లు వెనక్కి నడిచి వచ్చేసరికి ఆయన బర్రెలకు కుడితి పెట్టి, పొయ్యి అంటించి ఉండేవాడు. ఒక్క పరుషమైన మాట లేదు. ఎందుకు చెప్పలేదని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

మృగశిర కార్తె వచ్చి మొదటి వాన పడ్డ రోజు తడిసి ఇంటికి వచ్చాను. ఆయన గుమ్మంలో కూర్చుని జెండాలు ఆరబెడుతున్నాడు. ఇక నా వల్ల కాలేదు.

"నేను మరవలే," అన్నాను. "యాదికుండె. ఆమె ముంగట చెప్పబుద్ధి కాలే."

ఆయన ఎర్రజెండా పిండి దండెం మీద వేశాడు. పచ్చది చేతిలోకి తీసుకున్నాడు.

"ఎరుకే," అన్నాడు.

"ఎట్ల ఎరుక?"

"మలుపు తిరుగుతుంటె పెట్టె మొత్తం కనవడ్డది నాకు. అందరు లేచి తలుపుల నిలవడ్డరు. నువ్వొక్కదానివే కిటికీల కూసోని ఉన్నవ్."

అప్పటికి సిగ్నలు దిగి ఉంది, ఇంజను గేటు మీదికి వచ్చేసింది, ఆయన చేతిలో ఉన్నది పచ్చజెండా. ఆయన చేయగలిగింది ఏమీ లేదు. నేను చేయగలిగిందే ఉండింది. నాంపల్లి నుంచి ఆ మలుపు దాకా ఉండింది.

నేను ఏడుస్తుంటే ఆయన ఆపమనలేదు. దూరంగా గూడ్సు కూత వినిపించింది. ఆయన తడి జెండా చేతపట్టుకుని గేటు వేయడానికి లేచాడు.